ఆరో పుల్ల

ఏడాదికి అదే ఆఖరి పనిదినం. ఒసాకా ఊరికి ఉత్తరాన, కొండ మీదున్న ఆ రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఆ రోజు ఎవరూ ప్రయోగాలు చెయ్యరు. అందరూ తలలకు తువాళ్ళు చుట్టుకుని చీపుర్లు, బకెట్లు, తడిగుడ్డలు పట్టుకుంటారు. ఏడాది పొడుగునా పేరుకున్న మకిలి ఆ ఒక్కరోజులో వదలాలి, కొత్త సంవత్సరం శుభ్రమైన గదిలోకి రావాలి. అది అక్కడి పద్ధతి. దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

హిసాయే చేతిలో కూడా తడిగుడ్డ ఉంది గానీ, దాంతో ఆమె తుడిచింది ఏమీ లేదు. పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూనే ఉంది. అద్దాలు తుడవబోయి ఆగిపోతుంది, గబగబా వెళ్ళి మంచుపెట్టెలో దాచుకున్న చిన్న గాజుబుడ్డి ఉందో లేదో చూసుకుంటుంది, మళ్ళీ వస్తుంది.

"ఆ బుడ్డికేమైనా కాళ్ళొచ్చాయా? గంటకి నాలుగుసార్లు చూస్తున్నావు," అన్నాడు తొకుమారు. అతను ఆమెతో పాటు చదువుతున్నవాడు, నోటికి తాళం లేని మనిషి.

"నీ పని నువ్వు చూసుకో."

"నాదేముంది, సింకు తోముకునేవాణ్ణి. పేరు పెట్టబోయేది నువ్వు. మమ్మల్ని కాస్త గుర్తుంచుకోండి తల్లీ!"

ఇక్కడ పేరు సంగతి చెప్పాలి. ఆ లాబ్‌లో వాళ్ళు చేసేవి పంజరాలు. కంటికి కనిపించే పంజరాలు కావు. కార్బన్ పరమాణువులు మూలలుగా, వాటి మధ్య బంధాలు పుల్లలుగా అల్లుకుపోయిన అణువులు. ఎనిమిది మూలల ఘనంలా ఉన్నదానికి క్యూబేన్ అని, పిడి ఉన్న బుట్టలా ఉన్నదానికి బాస్కెటేన్ అని ప్రపంచంలో ఎవరెవరో ముద్దుపేర్లు పెట్టుకున్నారు. ఎవరి చేతిలో అణువు మొదట పుడితే పేరు పెట్టే హక్కు వాళ్ళది. ప్రొఫెసర్ ఇగరాషి లాబ్‌లో పుట్టిన ప్రతి పంజరానికీ వెదురు పుల్లలతో నమూనా చేసి, చెక్క ముక్క మీద కుంచెతో పేరు రాసి, కప్పుకి వేలాడదీస్తారు. ఆ వేలాడదీసే ముహూర్తం ఎప్పుడూ ఈ ఏడాది చివరి శుభ్రం రోజు సాయంత్రమే.

హిసాయే మూడేళ్ళుగా ఒకే ఒక్క పంజరం వెంట పడింది. మూలలు పన్నెండు. ఆరేసి చొప్పున రెండు వలయాలు, ఒకదాని నెత్తిన ఒకటి. రెంటినీ కలుపుతూ ఆరు నిలువు పుల్లలు. వాళ్ళ అమ్మమ్మ నూడుల్స్ కొట్టు గుమ్మానికి వేలాడే ఆరు పలకల కాగితపు లాంతరు అచ్చం అలాగే ఉంటుంది. అలాంటి లాంతరుని వాళ్ళ భాషలో అందోన్ అంటారు. అందుకని ఆమె మనసులో ఆ అణువుకి ఎప్పుడో 'అందోనేన్' అని పేరు పెట్టేసుకుంది. కడుపులో ఉండగానే బారసాల అన్నమాట. జర్మనీలో ఒక గుంపు కూడా దాని వెంటే పడిందని విన్నప్పట్నుంచి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

నిన్న ఆరో పుల్ల కలిపింది. చివర్లో బుడ్డి అడుగున చిటికెడు తెల్లటి పొడి. దాన్ని కింది అంతస్తులో, అణువులోని హైడ్రోజన్ల జాడ గీసి చూపే ఎన్ఎమ్ఆర్ యంత్రంలో పెడితే, కాగితం మీద ఒకే ఒక్క గీత నిటారుగా లేచింది. పన్నెండు మూలలూ ఒకేలా ఉంటే, వాటి మీదున్న హైడ్రోజన్లన్నీ ఒకే గొంతుతో పలకాలి. పలికినట్టే ఉంది. లాబంతా కేకలు, ఈలలు. ఇగరాషి మాస్టారు అప్పటికప్పుడు పత్రిక్కి వ్యాసం రాయడానికి కూర్చున్నారు. ఈ సాయంత్రం పోస్టాఫీసు మూసేలోపు అది విమానం ఎక్కాలి. శుభకార్యాలకి తినే ఎర్రన్నం కూడా కొట్లో చెప్పేశారు.

మరి హిసాయేకి ఎందుకీ గాభరా? ఎందుకంటే ఆ చివరి మెట్టుకి ఆమె వాడిన ద్రావకం డయాక్సేన్. దానిదీ ఒకే గీత. పైగా ఇంచుమించు అదే చోట. నిన్న సంబరంలో పొడి సరిగ్గా ఆరిందో లేదో ఎవరూ అడగలేదు. రాత్రి పడుకున్నాక ఆమెకే తట్టింది, అంతే, ఇక పక్క మీద ఉండలేకపోయింది. ఆ గీత తనదా, డయాక్సేన్‌దా? బుడ్డిలోది పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ చూస్తే తేలిపోతుంది. తేలకుండా ఆ వ్యాసం వెళ్ళిపోతే మాత్రం ప్రపంచమంతా చూస్తుంది.

ఆరబెట్టడమంటే బుడ్డిని వాక్యూమ్ పంపుకి తగిలించాలి. అందులో ఒక చిక్కుంది. ఈ పంజరం అణువులు గుండ్రంగా, బిగుతుగా ఉండి దేన్నీ పట్టుకుని ఉండవు. హారతి కర్పూరంలాగా కరక్కుండానే గాల్లోకి ఎగిరిపోతాయి. పంపుకి వదిలేస్తే ద్రావకంతో పాటు పంజరమూ పోతుంది. కొత్తగా చేరిన వాళ్ళకి హిసాయే మొదటిరోజే వేలు చూపించి మరీ చెప్పే మాట ఇది.

అందుకే బుడ్డిని ఐసు గిన్నెలో నిలబెట్టి, పంపుకి తగిలించింది. కొద్దిసేపే, ఐసు ఉన్నంతసేపే అనుకుంది. పక్కన నిలబడి ఉంటే సరిపోయేది.

"హిసాయే! ఎక్కడమ్మా నువ్వు? నమూనాలు దించాలి, నిచ్చెన ఎక్కు!" అని అరిచాడు కదొవాకి.

కదొవాకి ఆ లాబ్‌లో అసిస్టెంటు, మాస్టారి తరవాత మాస్టారంతటి వాడు. చలంటే చచ్చేంత భయం. తెల్లకోటు కింద పొట్టకి ఊలుపట్టీ చుట్టుకుని, హీటరు ఎక్కడుంటే తనూ అక్కడే ఉండి అందరికీ పనులు పురమాయిస్తూంటాడు.

"ఇప్పుడు కాదు కదొవాకి గారూ, చిన్న పనుంది."

"పనా? ఇవాళ పనంటే ఇదే. పేరు తగిలించుకునేవాళ్ళే దుమ్ము దులపాలి, తప్పదు. ఇంకా చెక్క మీద ఏం రాయాలో చెప్పనేలేదు నువ్వు. పెళ్ళయితే నీ ఇంటిపేరే మారిపోతుంది, దీనికొక పేరు పెట్టడానికి ఇంత బెట్టా?"

"నా ఇంటిపేరు గురించి మీకెందుకండీ అంత బెంగ? ముందు మీ ఊలుపట్టీ జారిపోతోంది, చూసుకోండి."

గది గొల్లుమంది. ఆ నవ్వులో ఆమె కూడా ఒక్క క్షణం మెత్తబడి నిచ్చెన ఎక్కింది. ఒక్కో వెదురు పంజరాన్నీ దించి, దూదితో పుల్ల పుల్లా తుడవాలి. తుడుస్తున్నంతసేపూ కింద తొకుమారు పేర్లు చదువుతూ, కొత్త పిల్లలకి పాఠం చెబుతున్నాడు.

"ముద్దుపేరు ముద్దుకే. అసలు పేరు లెక్క వేరు. పంజరాన్ని ఎన్నిచోట్ల తెంపితే వలయమన్నది మిగలకుండా తీగలా విప్పుకుపోతుందో, అన్ని వలయాలని ముందు చెప్పాలి. ఘనానికి ఐదు. మా హిసాయే లాంతరుకి ఏడు. అనుమానముంటే కత్తెర తెచ్చుకోండి!"

పంజరం తరవాత పంజరం. చేతులు ఇక్కడున్నా ఆమె మనసంతా పంపు దగ్గరే. ఈ ఒక్కటీ అయితే దిగిపోతాను, ఇంకొక్కటి, అనుకుంటూనే ఉంది. ఈలోగా మాస్టారొచ్చి నిచ్చెన కింద నిలబడ్డారు, చేతిలో కవరు, ముఖమంతా వెలుగు. "పేరు చెప్పమ్మా, వ్యాసంలో అక్కడ ఒక్కటే ఖాళీ ఉంచాను," అన్నారు. ఆయన్ని అలా చూస్తే అనుమానం బయటపెట్టడానికి నోరు రాలేదు. "సాయంత్రం చెబుతాను మాస్టారూ," అని తప్పించుకుంది.

దిగి పరుగెత్తేసరికి ఐసు లేదు. గిన్నెలో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. నేల తుడవడానికని ఎవరో హీటరుని ఈ పక్కకి జరిపారు. బుడ్డి పైకెత్తి వెలుతుర్లో చూసింది. కడిగి బోర్లించినంత శుభ్రంగా ఉంది.

హిసాయేకి పైప్రాణాలు పైనే పోయాయి. మూడేళ్ళు. రెండుచోట్ల కాలిన మణికట్టు, మానేసిన పండగలు, అమ్మ పోరు, అన్నీ ఆ చిటికెడు పొడి కోసమే. ఎవర్ని తిడుతుంది? హీటరు జరిపినవాడికేం తెలుసు? వేలు చూపించి అందరికీ చెప్పేది తనే, ఐసు గిన్నెని వదిలి నిచ్చెనెక్కిందీ తనే. అక్కడే స్టూలు మీద కూలబడింది.

అంతలో పంపు పక్కకి కదొవాకి వచ్చాడు, చేతిలో నూనె డబ్బా. ఏడాదికోసారి పంపు నూనె మార్చడం అతని వంతు. వంగి, మీట మీద వేలు పెట్టాడు.

"ముట్టుకోవద్దు!"

ఆ అరుపుకి అతని చేతిలో డబ్బా జారిపోయినంత పనైంది. "ఏంటి, ఏమైంది?"

"ఆపకండి. నా... నాది అంతా అందులోకి పోయింది," అని ఖాళీ బుడ్డి చూపించింది.

తిడతాడనుకుంది. నిజానికి తిట్టాల్సిందే. కదొవాకి మాత్రం బుడ్డిని చూశాడు, గిన్నెలో నీళ్ళని చూశాడు, నూనె డబ్బా కింద పెట్టేశాడు. "ఏడవకు. పోతే ఎక్కడికి పోతుంది? ట్రాప్ దాటి పోలేదుగా," అన్నాడు.

ట్రాప్ అంటే బుడ్డికీ పంపుకీ నడుమనుండే గాజుగొట్టం. దాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఉంచుతారు. దారిలో వచ్చే ఆవిరులన్నీ ఆ చలికి అక్కడే గడ్డకట్టాలి. ఇద్దరూ దాని మీదకి వంగి, టార్చి వేసి చూశారు. గొట్టం అడుగున డయాక్సేన్ గడ్డకట్టి మసక తెలుపులో ఉంది. దానికి జానెడు పైన, చలి అప్పుడే మొదలయ్యే మెడ దగ్గర, లోపలివైపు సన్నటి సూదులు కొన్ని మెరుస్తున్నాయి.

"అదిగో," అన్నాడు కదొవాకి, గుసగుసగా.

డయాక్సేన్ కింద, పంజరం పైన. కావాలని చేసినా అంత చక్కగా విడిపోవు. అయితే దాన్ని బయటికి తియ్యడమెలా? గొట్టం పైమూత గ్రీజుతో బిగుసుకుపోయి ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ తియ్యలేదు. మామూలుగా అయితే కాస్త మంట చూపిస్తే కదులుతుంది. ఇప్పుడు మంట చూపిస్తే ఆ సూదులు కాస్తా ఎగిరి మళ్ళీ ఎక్కడ వాలతాయో ఎవడికి తెలుసు?

కదొవాకి నిటారుగా నిలబడి, ఊలుపట్టీ పైకి లాక్కుని, ఎవరూ ఊహించని మాట అన్నాడు.

"హీటర్లన్నీ ఆపండి. కిటికీలు తీయండి. అన్నీ!"

"ఎవరూ, మీరేనా మాట్లాడుతున్నది?" అన్నాడు తొకుమారు.

"నోర్ముయ్! తెరవమన్నానా!"

డిసెంబరు గాలి కొండ మీదినుంచి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. అందరూ కోట్లు, కండువాలు వెతుక్కున్నారు. తడిగుడ్డలు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పళ్ళు పటపటలాడుతూ తొకుమారు, "ఈ చలికి పుట్టిన బిడ్డకి పడిశం పేరే పెట్టాలి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే గాలి కదులుతుందేమోనని కొందరు ఊపిరి కూడా బిగపట్టారు.

హిసాయే గొట్టం మెడచుట్టూ ఐసుగుడ్డ చుట్టి పట్టుకుంది. కదొవాకి పంపు వైపు కొళాయి కట్టి, పంపు ఆపి, గొట్టంలోకి నైట్రోజన్ వాయువుని మెల్లగా వదిలాడు. తరవాత మూతని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మనిషి ఒంటి వేడి ఒక్కటే, అదీ మూతకి మాత్రమే. చలికి అతని పెదాలు నల్లబడ్డాయి. ఆమెకి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. ఇంతకాలం ఈ మనిషిని ఎన్ని మాటలు అనుకుందో తలచుకుని సిగ్గేసింది.

"లేవండి కదొవాకి గారూ, కాసేపు నేను పట్టుకుంటాను."

"కదలకు. ఐసు జారితే చంపేస్తా."

చాలాసేపటికి మూత చిన్నగా కిర్రుమంది. కదొవాకి ఊపిరి వదిలి దాన్ని తిప్పి తీశాడు. హిసాయే ముందే వేరే ద్రావకం నింపి పెట్టుకున్న చుక్కలగొట్టంతో మెడలోపల చుట్టూ కడిగి, కరిగిన ఆ నాలుగు చుక్కల్నీ సన్నటి గాజునాళంలోకి లాగి మూతేసింది. గదిలో చప్పట్లు మోగాయి. ఆమె ఎవర్నీ చూడకుండా మెట్లు దిగి కిందికి పరుగెత్తింది. వెనకే కదొవాకి.

యంత్రం గదిలో వాళ్ళిద్దరే. పెన్ను కాగితం మీద కదలడం మొదలుపెట్టింది. నిన్న గీత లేచిన చోటు వచ్చింది. పెన్ను ఒణకను కూడా ఒణకలేదు, నేరుగా దాటిపోయింది.

ఇంకా ముందుకి పోయాక పెన్ను లేచింది. ఒకటి కాదు. గుంపులు గుంపులుగా గీతలు, పొట్టివీ పొడుగువీ, తలో గొంతు.

లెక్క కట్టడానికి ఇద్దరికీ పెద్ద సమయం పట్టలేదు. ఐదు పుల్లలు కలిసే ఉన్నాయి. ఆరో పుల్ల కలవలేదు. కలవాల్సిన రెండు చివరలూ కలవకుండా చెరో హైడ్రోజన్ని తెచ్చుకుని ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి. నిన్న ఈ సన్న గొంతులన్నీ ద్రావకం గట్టి గొంతులో వినపడలేదు. అందరూ ఈలలు వేసింది డయాక్సేన్‌కి.

కదొవాకి కుర్చీలో వెనక్కి వాలాడు. "పైన మాస్టారు కవరు అంటించేసి ఉంటారు," అన్నాడు. ఆమె వైపు చూడకుండానే, "ఈ కాగితం చూసింది మనిద్దరమే," అన్నాడు.

"అంటే?"

"అంటే ఏమీ లేదు. ఉన్నమాట చెప్పాను. నిన్నటి కాగితం మాస్టారి బల్ల మీద ఉంది. జనవరిలో మళ్ళీ చేస్తావు. ఈసారి పుల్ల కలుస్తుందేమో. జర్మనీ వాళ్ళు ఆగరు కదా."

ఆశ పుట్టలేదంటే అబద్ధం. కవరు, ఖాళీగా ఉంచిన చోటు, నాలుక చివర ఉన్న పేరు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకి వచ్చాయి. అందోనేన్. ఒక్క మాట చెబితే చాలు, అచ్చయిపోతుంది. ఆమెకి కదొవాకి మీద కోపం రాలేదు. తన మీదే వచ్చింది, ఆ మాట తనకి రుచిగా తోచినందుకు. కాగితాన్ని చరచరా చింపి తీసుకుంది.

"లేని పుల్లని ఉందని ఎలా రాస్తానండీ?"

"రాస్తావని అనుకున్నానా?" అన్నాడు కదొవాకి, చేతులు రుద్దుకుంటూ. "పద."

పైన కిటికీలు మూసేశారు గానీ గది ఇంకా వేడెక్కలేదు. బల్ల మీద ఎర్రన్నం పెట్టెలు పేర్చి ఉన్నాయి. మాస్టారు కవరు చేతపట్టుకుని కోటు వేసుకుంటున్నారు. హిసాయే ఆయన ముందు కాగితం పరిచి, తల వంచి, "మాస్టారూ, ఇది లాంతరు కాదు. నిన్నటి గీత డయాక్సేన్‌ది. నాకు రాత్రే అనుమానం వచ్చింది, పొద్దున్నే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. క్షమించండి," అంది.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని కాగితం మీదకి వంగారు. ముఖంలో వెలుగు తగ్గిపోవడం అందరికీ కనిపించింది. గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూశారు. తరవాత కోటు విప్పేసి, కవరుని రెండుగా మడిచి సొరుగులో పడేశారు.

"అన్నం చల్లారిపోతోంది, కూర్చోండి," అన్నారు. గొంతు మాత్రం పొద్దుటి గొంతు కాదు.

కోట్లు వేసుకునే, వణుకుతూనే తిన్నారు. చివరికి మాస్టారే చెక్క ముక్కని, సిరా గిన్నెని హిసాయే ముందుకి జరిపారు. "ఇది కూడా ఇంతవరకు ఎవరూ చెయ్యనిదే. పుట్టింది కాబట్టి పేరుండాలి. పెట్టు."

"ఓటి లాంతరు!" అన్నాడు తొకుమారు. "పుల్లపోయినేన్!" అన్నారెవరో. నవ్వులు మొదలయ్యాయి. మనసు తేలిక చెయ్యాలనే అంటున్నారని ఆమెకి తెలుసు. అయినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"దానికి ముద్దుపేరు వద్దు," అంది. "అసలు పేరు ఉంది."

కుంచె ముంచింది. మొదట రాయాల్సింది వలయాల లెక్క. మూడేళ్ళుగా ఆమె చెయ్యి ఏడుకే అలవాటు పడిపోయింది, నిద్రలో లేపి అడిగినా ఏడే. కుంచె చెక్కకి తగలబోతూ ఆగింది. అందరూ చూస్తున్నారు. ఆరు అని రాసింది. ఆ తరవాత ఏ మూల నుంచి ఏ మూలకి వంతెన ఉందో ఒక్కో అంకే వేసుకుంటూ పోయింది. లేని వంతెన దగ్గర ఏమీ రాయలేదు. ఆ చిన్న చెక్క మీద అంత పొడుగు పేరు పట్టక, తిప్పి వెనకవైపు పూర్తి చేసింది.

లాంతరు కోసం ముందే కట్టి ఉంచిన వెదురు నమూనాలోంచి ఆరో పుల్లని తనే ఊడదీసి, నిచ్చెనెక్కి, మిగతా పంజరాల పక్కన ఆ నమూనాని తగిలించింది. దిగేటప్పుడు ఆ పుల్లని కోటు జేబులో వేసుకుంది.

అందరూ బకెట్లు సర్దుతున్నారు. సాయంత్రం రైలుకి వెళ్ళేవాళ్ళు సంచులు తెచ్చుకుంటున్నారు. కదొవాకి మళ్ళీ హీటరు పక్కకి చేరి, రెండు చేతులూ దాని మీద చాపి నిలబడ్డాడు.

"కదొవాకి గారూ, పంపు నూనె మార్చారా?"

"మార్చాను. ఏం?"

హిసాయే కొత్త బుడ్డి ఒకటి కడుగుతోంది. "అయితే ఆన్ చెయ్యండి," అంది.